మీగడ ఎటు పోయింది

పాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మీగడక్క అనేవారు. పంతొమ్మిదేళ్లుగా సెపరేటర్ ఆమె చేతిలోనే ఉంది. నడుమెత్తు ఉక్కు యంత్రం అది. లోపలి గిన్నె నిమిషానికి ఆరువేల చుట్లు తిరుగుతుంటే, ఒకదాని మీద ఒకటి బోర్లించిన పళ్లేల సందుల్లోంచి పాలు పారతాయి. బరువైన పాలు అంచుకు పోతాయి, తేలికైన వెన్న నడిమికి చేరి మీగడగా బయటికొస్తుంది. ఆ చప్పుడులో ఏ కాస్త తేడా వచ్చినా, తింటున్నదల్లా చెయ్యి కడుక్కుని వచ్చేది.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి గేటు దాటబోతుంటే వాచ్‌మన్ ఆపాడు. పక్కనే కొత్త మేనేజరు నిలబడి ఉన్నాడు.

"మూడు వారాలుగా రోజుకి రెండు డబ్బాల మీగడ తక్కువొస్తోంది. మెషీన్ దగ్గర ఉండేది నువ్వే. సంచి చూపించు," అన్నాడు మేనేజరు.

షిఫ్టు వదిలిన జనమంతా చూస్తున్నారు. వాచ్‌మన్ తలెత్తకుండా ఆమె సంచిలోవి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. ఖాళీ టిఫిన్ డబ్బా, దువ్వెన, కూతురి కళ్లద్దాల చీటీ. మీగడక్క ఆ డబ్బా ఎత్తి మేనేజరుకు చూపించింది.

"రెండు డబ్బాలంటే ఎనభై లీటర్లు సార్. టిఫిన్ డబ్బాలో పట్టాయా? కడుపులో పోసుకుని నడుస్తున్నానా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. "రేపట్నుంచి రోజూ చూస్తారు," అనేసి మేనేజరు వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే భర్త, "పోనీలే, నాలుగు రోజులాగితే వాళ్లకే తెలుస్తుంది," అన్నాడు.

"నన్ను దొంగంటే పోనీలే అంటావేంటి? నోరు మూసుకుని కూర్చుంటే ఎవరొచ్చి చెప్తారు వాళ్లకి?" అని కంచం తోసేసి లేచింది.

మీగడ ఎటు పోతోందో ఆమెకు తెలుసు. మూడు వారాల క్రితం పని త్వరగా తెమలాలని మేనేజరే స్వయంగా పాల వాల్వు తిప్పాడు. గంటకు ఐదువేల లీటర్లు వెళ్లే చోట ఏడువేలు తోయించాడు. అంత తోస్తే వెన్న విడివడదని ఆమె ఆరోజే చెప్పింది. "నాకు పాఠాలు చెప్పకు," అన్నాడాయన. వెన్న తీసిన పాలల్లో ఇంకా వెన్న మిగిలిందా అని రోజూ చేసే పరీక్ష కూడా దండగని మాన్పించాడు.

మర్నాడు మెషీన్ ఏడువేల మీద నడుస్తుండగా ఆమె ఒక సీసా వెన్న తీసిన పాలు పట్టింది. వాల్వు ఐదువేలకు తగ్గించి, పావుగంట ఆగి, మరో సీసా పట్టింది. రెండూ పరీక్షల గదికి తీసుకెళ్లింది.

"మేనేజరుగారు ఆపమన్నారు కదమ్మా," అని నసిగాడు అక్కడి పెద్దాయన.

"దొంగతనం మీ నెత్తిన పడితే మీరైతే ఆగుతారా?"

ఆయన సీసాలు అందుకున్నాడు. రెండు గాజు గొట్టాల్లో పాలూ యాసిడూ కలిపి, బల్ల మీది చిన్న యంత్రంలో పెట్టి గిర్రున తిప్పాడు. మొదటి గొట్టం మెడలో వెన్న పచ్చగా, స్పష్టంగా నిలిచింది. రెండోదాంట్లో వెంట్రుకంత గీత.

మీగడక్క తలుపు తట్టకుండానే మేనేజరు గదిలోకి వెళ్లి గొట్టాలు రెండూ ఆయన ముందు పెట్టింది.

"ఇదిగో సార్, మీ మీగడ. ఆ పళ్లేల సందులో వెన్న చుక్క పక్కకి జరగడానికి కాస్త టైం కావాలి. మీరు పాలు తోసేస్తుంటే, జరిగేలోపే పాలతో పాటు కొట్టుకుపోతోంది. గిన్నె వేగం ఎప్పటిదే. పాల వేగం పెంచింది మీరు!"

ఆయన గొట్టాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "సరే, వాల్వు తగ్గించు. సంచి చూడొద్దని చెప్తాను."

"అంతేనా? నన్ను దొంగన్నది ఈ గదిలో కాదు. అందరి ముందూ చెప్పండి. అప్పటిదాకా మెషీన్ ముట్టను."

ఆమె పాలు ఆపేసి, గిన్నె తిరగడం పూర్తిగా ఆగేదాకా చూసి, బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నానికి పాల ట్యాంకర్లు గేటు దాకా బారు తీరాయి. ఒకసారి ఆపాక మళ్లీ నడపాలంటే ఆ పళ్లేలు విప్పి కడిగి వరస తప్పకుండా బిగించాలి, అది ఇంకెవరికీ రాదు. షిఫ్టు మారే వేళకు మేనేజరు జనం మధ్యకు వచ్చాడు.

"మీగడ విషయంలో పొరపాటు జరిగింది," అన్నాడు నేల చూస్తూ.

"ఎవరిది సార్? వినపడలేదు."

"నాది."

ఆమె థాంక్స్ అనలేదు. లేచి లోపలికి వెళ్లింది. పదకొండు నెలల తర్వాత ఆయన బదిలీ అయి వెళ్లేదాకా ఒక్కసారి కూడా నమస్కారం పెట్టలేదు. పొగరని కొందరు అన్నారు.

"అననీ," అంది మీగడక్క.