చేత్తో రెండు చుట్లు

కామారెడ్డిలో నా మోటార్‌సైకిల్ బాగుచేసే ఉస్తాద్‌కు ఒక అలవాటుండేది. ఇంజన్ విప్పి బిగించాక, పానాతో దాన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూసేవాడు. ఆ తర్వాతే స్టార్ట్ చేయనిచ్చేవాడు.

నేనప్పుడు ఎల్లారెడ్డి బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. దూర ప్రయాణాల్లో సామాను కడితే నా టూరింగ్ బండికి దమ్ము చాలడం లేదని, 2012లో ఇంజన్ వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్‌లు కొత్తవి వేయించాను. పోచారం దాకా నడిపి చూడాలన్న తొందరలో, బిగించగానే సెల్ఫ్ బటన్ మీద వేలు పెట్టాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగుండ్రి సార్, ముందుగాల చేతితోని సూడనియ్యుండ్రి."

ఒకటిన్నర చుట్టు దగ్గర పానా ఆగిపోయింది. ఇంకొకరైతే నన్ను చాయ్‌కి పంపించి సర్దుకునేవారు. ఆయన పానా నా చేతిలో పెట్టాడు. లోపల ఇనుము ఇనుముకు తగలడం నా అరచేతికి తెలిసింది.

"వాల్వు పోయి పిస్టన్‌కు తాకుతున్నది. బటన్ ఒత్తితే ఇంజనే పోతుండె. లోపలి టైమింగ్ చైన్ ఒక పన్ను తప్పి ఎక్కించిన. తప్పు నాదే సార్," అన్నాడు, నలుగురు గిరాకీల ముందే. మళ్లీ అంతా విప్పాడు.

బండి బాగుపడింది. అంతకుముందు బోర్డు మీద నా లెక్క తప్పితే చప్పుడు చేయకుండా తుడిచేసేవాణ్ణి. ఆ తర్వాత తుడవలేదు. తప్పెక్కడుందో పట్టమని చాక్‌పీసు పిల్లల చేతికిచ్చాను.