కాలర్ లోపలి పేర్లు

ఆ పసుపు టీషర్టు వేసుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

తొంభైల చివర్లో బాన్సువాడ బస్టాండులో పిట్లం బస్సు కోసం నిలబడ్డాను. ఒంటిమీద హైదరాబాద్‌లో కొన్న ఫుట్‌బాల్ క్లబ్బు టీషర్టు. పక్కన విత్తనాల సంచితో ఉన్న ఒకాయన నన్నే చూస్తున్నాడు. యాభై దాటి ఉంటాయి.

"గీ క్లబ్బు సంగతి నీకెర్కేనా తమ్మీ?"

"కొత్తదన్నా. మొన్ననే ఓ కంపెనోళ్లు పెట్టిండ్రు," పేపర్లో చదివిందే చెప్పాను.

ఆయన గయ్యిమన్నాడు. "మొన్న పెట్టిండ్రా? మరి పన్నెండేండ్లు నేను ఎవ్వని గోల్ కాసిన? మాది ఆకుపచ్చ అంగి. కంపెనోళ్లు క్లబ్బును కొన్నరు, పేరు మార్చిండ్రు, రంగు మార్చిండ్రు. ఇగ మేం పుట్టనే లేదా?"

వాళ్ల క్లబ్బులో కొత్తవాడికి కొత్త అంగి ఇచ్చేవారు కాదట. ఆట మానేసేవాడే తన అంగి విప్పి తొడిగేవాడట. అది వేసుకున్న వాళ్లందరి పేర్లూ కాలర్ లోపల దారంతో కుట్టి ఉండేవట.

"నాది అయిదో పేరు," అన్నాడు.

వంకరపోయిన వేలితో నా కాలర్ తిప్పి చూశాడు. కంపెనీ లేబుల్ ఒక్కటే ఉంది. "థూ" అని, సంచి భుజాన వేసుకుని కోటగిరి బస్సెక్కాడు.

కొన్నేళ్లకు ఆ కంపెనీ క్లబ్బును మూసేసింది. 'నాలుగేళ్ల క్లబ్బు ఇక లేదు' అని పేపర్లో వేశారు.

నాలుగేళ్లట! చాయ్ హోటల్లో ఆ పేపరు నలిపి పారేసి, ఎదురుగా కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాడి మీద అరిచాను.

"మరి కాలర్ల కుట్టిన పేర్లు ఎవ్వలియి?"