బావ మంచివాడని నేను పెట్టిన సంతకం

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. డబ్లిన్‌లో దోసెలు పోసుకునే నా సంతకానికి విలువిచ్చిన మొదటి మనిషి మా బావే. బావకు ఊరి చివర చెర్రీవుడ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, షూటింగ్ క్లబ్బులో కొత్త సభ్యత్వం. పిస్తోలు లైసెన్సు కావాలంటే, ఇతను నమ్మదగినవాడని ఇద్దరు చెప్పాలట. ఒకరు క్లబ్బులో దొరికారు. రెండోవాణ్ణి నేను.

"చదివి సంతకం పెట్టరా బామ్మర్దీ," అని ఫారం అందించాడు.

"చదివేవాణ్ణయితే దోసెలెందుకు పోస్తాను బావా?"

అక్క మొగుడు అడిగితే కాగితం చదువుతామా? మర్యాదగా ఉండదు. పెట్టేశాను. అక్క వంటింటి గుమ్మంలోంచి చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. ఎందుకలా వెళ్ళిందో అడగాలని నాకు తట్టలేదు.

లైసెన్సు ప్రకారం పిస్తోలు పెట్టెలో తాళం వేసి ఉంచాలి, క్లబ్బుకు మాత్రమే తీసుకెళ్ళాలి. బావ దాన్ని జాకెట్ లోపల పెట్టుకుని కూరగాయలకు కూడా వెళ్ళేవాడు. ఇంట్లో మాటా మాటా పెరిగితే జాకెట్ మీద చెయ్యి వేసుకుని కూర్చునేవాడు. అంతే.

"ఆ చెయ్యి చూస్తే ముద్ద దిగట్లేదురా," అంటూ అక్క బట్టల సంచితో నా గదికి వచ్చేసింది.

బావ నుంచి రక్షణ కావాలని అక్క కోర్టుకెళ్ళింది. లోపలికి నన్ను రానివ్వలేదు. గంట తరవాత అక్క కోర్టు ఉత్తర్వు కాగితంతో బయటికొచ్చింది. బావ ఆమెను బెదిరించకూడదు, ఆమె ఉన్న చోటికి రాకూడదు. పిస్తోలు సంగతి గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, చూసుకుంటారు.

"లామినేషన్ చేయించుకో అక్కా. మన వంశంలో కోర్టిచ్చిన సర్టిఫికెట్టు నీకొక్కదానికే."

"నోర్ముయ్యరా," అంది. కానీ నవ్వింది.

మధ్యాహ్నం గార్డు ఫోన్ చేశాడు. బావ ఇంట్లో పిస్తోలు పెట్టె ఖాళీగా ఉందట. ఎక్కడో పోయిందన్నాడట బావ.

"మీ దగ్గర దాచాడా? ఇతన్ని బాగా ఎరుగుదునని ఫారంలో మీ సంతకం ఉంది."

"ఎరగను సార్."

"మరి సంతకం?"

"బావ కదా అని పెట్టాను సార్."

"వెతుకుతున్నాం. తలుపు గడియ పెట్టుకోండి. గ్రాండ్," అని ఇక్కడివాళ్ళ 'సరే' ఒకటి చెప్పి గార్డు ఫోన్ పెట్టేశాడు.

అక్క అప్పటికే నర్సు యూనిఫాం వేసుకుంది. డ్యూటీ మానితే కుదరదు. కోర్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుంది.

"లువాస్ ట్రామ్ స్టాపు దాకా నేనూ వస్తానక్కా."

"వచ్చి ఏం చేస్తావురా?"

ఒక జోకు కోసం వెతికాను. దొరకలేదు. బూట్లు వేసుకున్నాను.