పాస్టరుగారి అన్యభాష

దేవుని సేవలోకి రాకముందు పాస్టరుగారు పదకొండేళ్లు మోటారు విడిభాగాల కొట్లో గుమాస్తా. గొంతు ఖంగుమనేది. కన్నీళ్లు అడిగిందే తడవుగా వచ్చేవి. తల మీద చెయ్యి పెడితే సగం మందికి తలనొప్పి తగ్గేది. పెంతెకొస్తు సంఘం నడపడానికి ఇంకేం కావాలి? ఒక్కటి కావాలి, అన్యభాషలు, అంటే ఆత్మ ఆవహించినప్పుడు నోటికి వాటంతటవే వచ్చే తెలియని మాటలు. అవి మాత్రం ఆయన దగ్గరికి రానంటే రానన్నాయి.

ఉపవాసాలున్నారు. మోకాళ్లు కాయలు కాసేదాకా ప్రార్థించారు. ఆయన నాలుక మీద ఆత్మకు ఎందుకో మనసు పోలేదు. టైర్ల షాపు పైన అద్దె హాల్లో సంఘం మొదలైన మూడో ఆదివారం, అందరూ కళ్లు మూసుకుని ఎదురుచూస్తుంటే, ఆయన నోట్లోంచి పాత కొట్టు సరుకంతా తన్నుకొచ్చింది. గ్యాస్కెట్టు, టాపెట్టు, బేరింగు, బుష్షు, ఆయిల్ సీలు... ముక్కలు తిరగేసి, గబగబా, వణికే గొంతుతో. హాలంతా స్తోత్రాలతో మారుమోగింది.

అప్పుడే సంఘంలోని ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్‌గారు లేచి, భాషలకు అర్థం చెప్పే వరం తనకుందని ప్రకటించారు.

"గొళ్లెం పెట్టుకున్న గుండెలు తెరవమని ప్రభువు సెలవిస్తున్నాడు!"

పాస్టరుగారు బిత్తరపోయారు. ఆయనన్నది ఆయిల్ సీలు.

అలా పందొమ్మిదేళ్లు గడిచాయి. ఆయన విడిభాగాలు సరఫరా చేశారు, ఆవిడ దైవవాక్కు బిగించారు.

ఆ తర్వాత సంఘంలోకి ఒక ముసలి మెకానిక్ వచ్చాడు. రెండో ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పాస్టరుగారిని ఆపాడు.

"అయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఆత్మలో ఉన్నప్పుడు క్లచ్ ప్లేటు అన్నారు."

"అన్నానా?"

"అన్నారండీ. ప్రెషర్ ప్లేటు వదిలేశారు. అది లేకపోతే క్లచ్ పట్టదు."

వెక్కిరింపు కాదది. పాపం, నిజంగానే సాయం చేయబోయాడు. పాస్టరుగారికి అదే చెంపదెబ్బలా తగిలింది. ఇంటికెళ్లి భార్యకు చెప్పేశారు.

"నాకు మొదటి రోజే తెలుసు. కొట్లో పనిచేసేటప్పుడు నిద్దట్లో కూడా అవే కలవరించేవారుగా," అందామె.

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"మీరే చెప్తారని చూశాను."

మరుసటి ఆదివారం ఆయన మైకు ముందు ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు. తరిమేస్తారనుకున్నారు. జనం "ఎంత తగ్గింపు మనసో!" అని కళ్లొత్తుకున్నారు. హెడ్మిస్ట్రెస్‌గారొక్కరే భగ్గుమన్నారు.

"మీ భాష దొంగదైతే కావచ్చు. నేను చెప్పిన అర్థం మాత్రం నిజం!"

కాదనే ధైర్యం ఎవరికుంది? ఆ అర్థాలు పట్టుకునే పెళ్లిళ్లు కుదిరాయి, ఉద్యోగాలు మారాయి, ఒకాయన మీసమే తీయించేశాడు. నెల తిరక్కుండా ఆవిడ ఎదురు వీధిలో సొంత సంఘం పెట్టారు. ముప్పాతిక మంది అటే నడిచారు. అక్కడ అన్యభాషలు ఎవరికీ రాకపోయినా, ఆవిడ అర్థం చెప్పడం మానలేదు.

ఇక్కడ ఇరవై ఇద్దరు మిగిలారు. ఆ చలికాలం మెకానిక్ భార్య ఆసుపత్రిలో చేరింది. పాస్టరుగారు మంచం పక్కన నిలబడి, అలవాటుగా నోరు తెరిచి, ఆగిపోయారు.

"ప్రభువా, ఈమెకు చాలా నొప్పిగా ఉంది. నాకేం చెప్పాలో తెలియట్లేదు," అన్నారు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. రెండు నెలలకు లేచి తిరిగింది. మందుల వల్లేనని డాక్టరన్నాడు. పాస్టరుగారూ ఔనన్నారు. ఆ ఒక్క మాటకు మరో నలుగురు సంఘం మారిపోయారు.