పదకొండో నంబరు అన్నమ్మ

పోయిన వారం మా బడికి ఆటవస్తువుల పెట్టె వచ్చింది. నేను లెక్కలు చెప్పే టీచర్ని. డ్రిల్లు మాస్టారు సెలవులో ఉండడంతో సంతకం పెట్టి తీసుకోవడం నా వంతయింది. స్టాఫ్ రూములో కత్తెరతో టేపు కోసి అట్టలు విప్పితే, స్కిప్పింగు తాళ్ళ కింద నుంచి, గాలి లేక సొట్టపడిపోయిన బాస్కెట్‌బాల్ ఒకటి బయటపడింది. దాంతోపాటే కొత్త రబ్బరు వాసన. కొత్త సైకిలు టైరు వాసనకీ, వానాకాలంలో చెప్పుల కొట్టు వాసనకీ మధ్యగా ఉండే ఆ వాసన గదంతా పరుచుకుంటే పక్క కుర్చీలో టీచరు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ తెరిచారు. నేను మాత్రం పెట్టె మూయకుండా కాసేపు అలాగే కూర్చున్నాను. నా తొమ్మిదో తరగతిలో ఒక ఆదివారం మధ్యాహ్నం అచ్చంగా ఈ వాసనతోనే నాకు జ్ఞాపకం.

మాది ఉప్పలగుప్తానికి దగ్గర్లో ఒక ఊరు. నాన్నగారు పక్క ఊళ్ళో ప్రాథమిక పాఠశాల మాస్టారు. అమ్మ మస్కట్‌లో నర్సు. రెండేళ్ళకోసారి సెలవుకి వచ్చేది, శుక్రవారాలు ఫోను చేసేది. నన్ను పెంచింది మామ్మ, నాన్నగారి తల్లి. నలభై దాటాక పాస్టరుగారి భార్య దగ్గర అక్షరాలు నేర్చుకున్న మనిషి కాబట్టి, అరుగు మీద కూర్చుని బైబిలు చదువుతుంటే ప్రతి అక్షరం కిందా వేలు పెట్టుకుని, అది కదిలిపోతుందేమో అన్నట్టు నొక్కిపట్టి చదివేది. చదవడం అయ్యాక కర్పూరం కలిపిన కొబ్బరినూనె మోకాళ్ళకి పట్టించుకునేది. వానలు పడితే వాకిలంతా బురదై, కొబ్బరి మట్టలు అడ్డంగా పరుచుకుని వాటి మీద అడుగులు వేసుకుంటూ బడికి వెళ్ళడం, శీతాకాలం పొద్దున్నే పొయ్యి దగ్గర జుట్టు ఆరబెట్టుకోవడం, క్రిస్మస్ ముందు వారమంతా గులాబీ పువ్వులూ పోకుండలూ వండుతుంటే బెల్లం పాకం వాసన బట్టల్లో కూడా పట్టేసి ప్రార్థనలో కూర్చున్నా ఆకలెయ్యడం, ఇవన్నీ మామ్మ చుట్టూ తిరిగే రోజులు.

నేను పదమూడేళ్ళకే అమ్మ కంటే పొడుగైపోయాను. బళ్ళో వరసలో ఆఖరున నిలబెట్టేవారు. ఫొటోలో నా తల ఒక్కటీ పైకి ఉంటుందని మోకాళ్ళు కాస్త వంచి నిలబడేదాన్ని, అది అలవాటై భుజాలు కూడా ముందుకి వంగిపోయాయి. మా డ్రిల్లు టీచరు సుగుణగారికి మాత్రం నా పొడుగు చూస్తే సంబరం. ఆవిడ కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడారు. హైస్కూలు గ్రౌండులో మట్టి కోర్టు ఒకటి సున్నంతో గీయించి, ఒక వైపు ఇనప స్తంభం, రెండో వైపు డబ్బుల్లేక కొబ్బరి మొద్దు పాతించి, దానికి చెక్క, రింగు బిగించారు. చున్నీ అడ్డంగా వేసి నడుముకి ముడేసుకుని, ఒట్టి కాళ్ళతో ఆడేవాళ్ళం. కొబ్బరి మొద్దు వైపు వేసిన బంతి తగలరాని చోట తగిలితే తిన్నగా పక్కనున్న పంటబోదె కాలవలో పడేది. బురదలో దిగి తీసి, గడ్డి మీద దొర్లించి, మళ్ళీ ఆడేవాళ్ళం. చేతులకి బురదవాసనా రబ్బరువాసనా కలిసిపోయి అన్నం తినేటప్పుడు కూడా వచ్చేది.

ఆ ఏడు శివరాత్రి వెళ్ళాక సుగుణగారు నన్ను కాకినాడలో జిల్లా సెలక్షన్లకి పంపిస్తానన్నారు. అక్కడ పంజాబీ డ్రస్సుతో ఆడనివ్వరు, నిక్కరు వేసుకోవాలి. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు మామ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"కుదరదు. మాస్టారి కూతురివి నువ్వు. నలుగుర్లో కాళ్ళు కనపడేలాగ గెంతుతావా?"

నాన్నగారిని అడిగితే, "మామ్మ సరే అంటే నాకేమీ లేదమ్మా" అన్నారు. శుక్రవారం ఫోనులో అమ్మని అడిగితే ముందు లైనులో గరగర ఒక్కటే వచ్చింది. ఆ శబ్దంలో సముద్రం వినిపిస్తోందనుకునేదాన్ని అప్పట్లో. చివరికి, "మామ్మ ఇష్టమే, అమ్మలూ. నేనిక్కడుండి ఏం చెప్తాను" అంది. అన్నం మానేస్తే మామ్మ బతిమాలుతుందనుకుని రెండు పూటలు మానేశాను. మూడో పూట చేపల పులుసు వండింది. తినేశాను.

ఆ వారంలోనే అమలాపురంలో ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ పోటీలు పెడుతున్నారని తెలిసింది. వస్తున్న వాటిలో ఒక జట్టు ఒక పెద్ద సంస్థది. ఆడేవాళ్ళకి ఉద్యోగాలిచ్చి, జీతమిచ్చి ఆడిస్తారట. ఆదివారం సాయంత్రం ఆటకి ముందు ఒక గంటసేపు బడిపిల్లలు ఆ జట్టుని కలిసి మాట్లాడొచ్చని కమిటీవారు కబురు చేశారు. సుగుణగారు మా ఇంటికే వచ్చి మామ్మని అడిగారు.

"చూసి వచ్చేద్దామండి మామ్మగారూ. ఆడించడానికి కాదండి, చూపించడానికే."

మామ్మ ఆవిడ చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి, "ఆయ్, పంపుతానండి. నేనూ వత్తాను. ఆడవాళ్ళకి ఆటకి జీతం ఇత్తారంట కదా, ఆ ఇడ్డూరం నేనూ చూడాలి" అంది.

ఆదివారం గుడి నుంచి రాగానే మామ్మ పొయ్యి వెలిగించింది. ఉత్త చేతులతో ఎవరింటికీ వెళ్ళని మనిషి. పిండి దంచిపెట్టుకుంది ముందురోజే. గంటలో స్టీలు డబ్బా నిండా పోకుండలు చేసి, తెల్ల చీర మార్చుకోకుండానే, బైబిలు పెట్టుకునే చేతిసంచిలో ఆ డబ్బా పెట్టుకుని బయల్దేరింది. బస్సులో మేం ఆరుగురం ఆడపిల్లలం, సుగుణగారు, మామ్మ. మామిడి పూత రాలుతున్న రోజులు, కిటికీలోంచి పూత వాసన, చేపల బుట్టల వాసన ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. నేను మాత్రం సుగుణగారు కాగితం మీద రాసిచ్చిన ఇంగ్లీషు ప్రశ్న వల్లె వేసుకుంటున్నాను. మీ విజయ రహస్యం ఏమిటి అన్నది దాని అర్థం.

అమలాపురంలో ఒక కాలేజీ గ్రౌండులో సిమెంటు కోర్టు. చుట్టూ వెదురు బొంగులతో గ్యాలరీలు కడుతున్నారు, సుత్తి దెబ్బలు మోగుతూనే ఉన్నాయి. షామియానా కింద పన్నెండుమంది ఆటగత్తెలు కుర్చీల్లో కూర్చున్నారు. అంత పొడుగు ఆడవాళ్ళని అంతమందిని ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు. కుర్చీలు వాళ్ళకి చిన్నవైపోయి కాళ్ళు ముందుకి చాపుకున్నారు. పక్కన విప్పి ఉన్న సంచిలోంచి కొత్త బంతుల రబ్బరు వాసన షామియానా అంతా పరుచుకుంది. కమిటీవారు పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు పెట్టారు. ఆకుతో సహా తినాలా అని ఒకావిడ అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, మామ్మ ఎవరూ పిలవకుండానే వెళ్ళి ఆకు పుల్లలు లాగి, విప్పి, చట్నీలో ముంచి చేతిలో పెట్టింది. ఆవిడే పదకొండో నంబరు.

మమ్మల్ని వరసలో నిలబెట్టారు. ఒక్కొక్కళ్ళం వెళ్ళి చెయ్యి కలిపి, ఒక ప్రశ్న అడిగి, పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. నేను ఎప్పటిలా ఆఖరు. పదకొండో నంబరావిడ ముందుకి వెళ్ళాక, వల్లె వేసిన ప్రశ్నలో మొదటి రెండు ముక్కలు వచ్చాయి, మిగతాది రాలేదు. ఆవిడ నవ్వలేదు. నేను పూర్తి చేస్తానని ఆగి చూశారు. చూసి చూసి కుర్చీలోంచి లేచారు. నా వెనక్కి వచ్చి, వీపు మధ్య అరచెయ్యి ఆనించి నెమ్మదిగా ముందుకి నొక్కి, రెండో చేత్తో నా భుజం వెనక్కి లాగారు. ఎక్కడో ఎముక చిన్నగా చప్పుడు చేసింది. నిటారుగా నిలబడితే నా తల ఆవిడ గెడ్డం దగ్గరికి వచ్చింది. ఎన్నేళ్ళని అడిగారు. పదమూడని వేళ్ళతో చూపించాను. ఆవిడ తన జట్టు వాళ్ళవైపు తిరిగి ఏదో అన్నారు. వాళ్ళందరూ నన్ను చూశారు. నా పొడుగుని అలా మెచ్చుకోలుగా చూసింది సుగుణగారి తరవాత వాళ్ళే.

అప్పుడు మామ్మ స్టీలు డబ్బా తీసి ఆవిడ ముందు పెట్టింది.

"నీ పేరేంటమ్మా?"

ఆ ఒక్కటీ ఆవిడకి అర్థమైంది. "అన్నమ్మ" అన్నారు. కేరళ మనిషి. తెలుగు రాదు. సుగుణగారు మధ్యన నిలబడి ఇంగ్లీషులో అటూ ఇటూ చెప్పారు.

"మా తోడికోడలి పేరూ అదేనమ్మా" అని మామ్మ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "టీచరుగారూ, ఈవిణ్ణొకటి అడగండి. ఇలాగ నిక్కరేసుకుని ఇంతమందిలో ఆడతాది కదా, ఇంట్లోవాళ్ళు ఏమీ అనరా అని."

సుగుణగారి మొహం ఎర్రబడింది. "అదిప్పుడెందుకులెండి మామ్మగారూ."

"నేను వొచ్చింది దానికేనండి."

నేను తల దించుకున్నాను. సుగుణగారు ఎలాగో అడిగారు. అన్నమ్మగారు పోకుండ నములుతూ, ఏ తొందరా లేకుండా చెప్పారు. సుగుణగారు తెలుగులో చెప్పారు.

"మొదట్లో వాళ్ళ నాన్నగారు ఏడాదిపాటు మాట్లాడలేదంటండి. తరవాత ఉద్యోగం వచ్చేక మాట్లాడేరంట. కానీ ఒక్క ఆటకీ రాలేదంట. ఇది నా పని అంటున్నారండి. పొద్దున్నే గ్రౌండులో ఉండాలి, ఒంట్లో బాగోకపోతే సెలవు రాసివ్వాలి. పనికి తగ్గ బట్టలు వేసుకుంటాను అంటున్నారు."

మామ్మ అప్పటికే ఆవిడ కుడి మోకాలికి చుట్టిన గుడ్డపట్టీని చూస్తోంది. ఏమైందని చేత్తో అడిగింది. అన్నమ్మగారు పట్టీ కిందికి జరిపి చూపించారు. మోకాలి చిప్ప మీదుగా, పాత కోత ఒకటి తెల్లగా మెరుస్తోంది. ఇంకెన్నాళ్ళు ఆడనిస్తారని మామ్మ అడిగితే, ఈ ఏడాదో వచ్చే ఏడాదో, ఆ తరవాత కుర్చీలో కూర్చుని ఫైళ్ళు చూడాలి అన్నారట. మామ్మ వంగి, తన మోకాళ్ళకి రోజూ నొక్కుకున్నట్టే ఆ చిప్ప చుట్టూ బొటనవేలితో నొక్కుతూ వెళ్ళి, ఒకచోట ఆగింది. అన్నమ్మగారు ముందు నవ్వారు. వేలు ఆగిన చోట మాత్రం కళ్ళు మూసుకుని తల ఊపారు. తరవాత తన భాషలో ఏదో అన్నారు. సుగుణగారికీ అర్థం కాలేదు. ఆ మాటేమిటో నాకిప్పటికీ తెలియదు.

ఆట మొదలయ్యాక మామ్మ గ్యాలరీ మెట్టు మీద కదలకుండా కూర్చుంది. చుట్టూ ఈలలు, కేకలు. అన్నమ్మగారు రింగు కింద ఇద్దరి మధ్య నలిగి కిందపడినప్పుడు మాత్రం లేచి నిలబడి, ఆవిడ లేచేదాకా కూర్చోలేదు. ఆఖరి బస్సు కోసం ఆట సగంలోనే వచ్చేశాం. ఎవరు గెలిచారో మర్నాడు పేపరు చూసి నాన్నగారు చెప్పారు, అన్నమ్మగారి జట్టే.

బస్సులో ఊరు దగ్గర పడుతుండగా మామ్మ, నావైపు తిరక్కుండా, కిటికీలోంచి మసక వెలుతురులో చేలని చూస్తూ అంది.

"ఊడుపులప్పుడు మేం కోక మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకునే మళ్ళోకి దిగేవాళ్ళం. పదిమందిమి, వరసగా. గట్టు మీద మగాళ్ళు నిలబడే ఉండేవోరు. సిగ్గని ఎవరూ అనలేదు. పని కదా మరి." చేతిసంచి ఒళ్ళోకి లాక్కుని, "మీ నాన్న మాస్టారయ్యేక నేర్చుకున్నాను ఈ సిగ్గులన్నీ" అంది.

నిక్కరు సంగతి ఏం తేల్చిందో అడగడానికి భయపడ్డాను. మర్నాడు బడినుంచి వచ్చేసరికి, నా పాత యూనిఫారం పరికిణీ, నీలం రంగుది, అంచులు విప్పి అరుగు మీద పరిచి ఉంది. మామ్మ దాన్ని దర్జీ దగ్గరికి తీసుకెళ్ళి, సరిగ్గా మోకాలి దాకా ఉండేలా నిక్కరు కుట్టించింది. వేలెడు పొట్టిగా కుట్టబోయిన దర్జీతో వాదించి మరీ కుట్టించింది. సెలక్షన్లలో అంత పొడుగు నిక్కరు నా ఒక్కదానిదే. కొందరు నవ్వారు. ఆ ఏడు నన్ను తీసుకోలేదు. మరుసటి ఏడు తీసుకున్నారు. గుంటూరులో జిల్లా తరఫున రెండు ఆటలు ఆడాను, రెండూ ఓడిపోయాం. ఎక్కడికి వెళ్ళొచ్చినా మామ్మ మొదట అడిగేది గెలుపు గురించి కాదు. "అన్నమ్మ వొచ్చిందా?" అనే. బాస్కెట్‌బాల్ ఎక్కడ ఆడితే అక్కడికి ఆవిడ వస్తుందని మామ్మ అనుకునేది. రాలేదని చెబితే, "మోకాలు బాగోలేదేమో" అనేది.

ఇంటరులో ఆట ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు, చదువులో పడి నేనే వదిలేశాను. నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా మామ్మ పోయింది. అన్నమ్మగారు సంతకం చేసిన నోటుపుస్తకం ఎప్పుడో పాత పేపర్లవాడికి వెళ్ళిపోయింది. ఆ సంస్థ తరవాత జట్టునే ఎత్తేసిందని సుగుణగారు ఒక పెళ్ళిలో కనిపించి చెప్పారు. మా మట్టి కోర్టు ఉన్న చోట తరగతి గదులు కట్టారు, పంటబోదె పూడిపోయింది.

నేను ఇప్పుడు రోజూ స్కూటీ మీద మా ఊరి గట్టు దారినే ముమ్మిడివరంలో మా బడికి వెళ్తాను. ఒకప్పుడు దారికి రెండువైపులా చేలుండేవి. ఇప్పుడన్నీ రొయ్యల చెరువులు. పొద్దున్నే చెరువులకి గాలి పట్టించే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంటాయి, మేత వాసన వేస్తుంటుంది, కనుచూపు మేరలో ఒక్క మనిషి ఉండడు. మామ్మా, ఆ పదిమందీ ఊడ్చిన మడి వీటిలో ఏ చెరువు కింద ఉందో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. ఆ వేళ బస్సు ఈ దారినే వెళ్ళింది. మామ్మ కిటికీ పక్కనే కూర్చుంది. ఏ మడి అని అడిగి ఉంటే వేలుపెట్టి చూపించేది.