వదినామరదళ్ళ స్లో సైకిల్ పోటీ

ఏ ఊరికైనా పుట్టినరోజు చెప్పడం కష్టమే గానీ, పాలవాగు సెంటరుకు మాత్రం చెప్పొచ్చు. వాగు మీద వంతెన కట్టి, మొదటి బస్సు అవతలి గట్టెక్కిన రోజునే ఆ ఊరు మొదలైంది. అంతకుముందు అక్కడున్నది కలప డిపో, బీడీలకు వాడే తునికాకు ఆరబోసే కల్లం, చుట్టూ అడవి. బస్సు ఆగడం మొదలయ్యాక హోటలు వచ్చింది. హోటలు పక్కన సైకిల్ షాపు, ఆ తర్వాత శుక్రవారం సంత. కోస్తా నుంచి వచ్చి భూములు కొన్నవాళ్ళు ఎరువుల దుకాణాలు తెరిచారు, గూడేలవాళ్ళు వచ్చి ఇళ్ళు వేసుకున్నారు. టేకులపల్లి దాటి అడవిలోకి పోయేవాళ్ళకు ఇప్పుడది దారిలో తగిలే ఓ మాదిరి ఊరు.

ఆ ఊరికి యాభై ఏళ్ళు నిండాయని ఫిబ్రవరిలో ఒక శని, ఆదివారాలు ఉత్సవం పెట్టుకున్నారు. శనివారం ఊరేగింపు, కోయల కొమ్ము నృత్యం, బడి గ్రౌండులో ఆటల పోటీలు, ఉచిత వైద్య శిబిరం. ఆదివారం సహపంక్తి భోజనాలు, సన్మానాలు, బహుమతులు. కమిటీకి పెద్ద ఎరువుల దుకాణం వెంకటరామారావు. ఆటల బాధ్యత హైస్కూలు పీఈటీ వీరబాబుది.

ఆడవాళ్ళకు ముగ్గులు, కుర్చీలాట మాత్రమే పెడితే ఏం బాగుంటుందని వీరబాబు స్లో సైకిల్ పోటీ కూడా పెట్టాడు. ఆ పోటీలో అందరికంటే ఆఖరున గీత దాటినవాళ్ళదే గెలుపు. కాలు నేల మీద పెట్టినా, పక్కవాళ్ళ గీతలోకి పోయినా అవుట్. పేరు ఇమ్మని అతను ముందుగా అడిగింది ఆశా కార్యకర్త పుష్పలతను.

పుష్పలతకు నలభై ఏడేళ్ళు. వాగు అవతలి మూడు గూడేలకు ఆమే ఆశా. గర్భిణులను గుర్తించడం, టీకాలకు పిలవడం, జ్వరాలొచ్చినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూడడం ఆమె పని. బండ్లు పోని దారుల్లో కూడా ఆమె సైకిల్ పోతుంది. ఇసుకలో దిగకుండా ఎట్లా తొక్కాలో, వాన పడ్డ ఎర్రమట్టిలో ఎక్కడ దిగి నడిపించుకోవాలో ఆమెకు అలవాటే. భర్త తిరుపతి ట్రాక్టరు డ్రైవరు. స్కూటీ కొనిస్తానని ఆయన రెండుమూడుసార్లు అన్నాడు. "నాకెందుకయ్యా, దానికి పెట్రోలు పొయ్యాలె, దీనికి గాలి కొడితే సాలు" అని ఆమె ఆ మాట అక్కడే తుంచేసింది.

"పేరు రాసుకోండి సార్, నాకేం సిగ్గు?" అంది వీరబాబుతో.

సాయంత్రానికల్లా ఇంకో మూడు పేర్లు చేరాయి. ఒకరు బడిలో సైన్సు చెప్పే టీచరు, ఒకరు కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. మూడో పేరు శ్యామల. ఆ పేరు విన్నాక పుష్పలత మనసు మారింది. మానుకుందామనుకుంది. మానుకుంటే భయపడి మానుకుందంటారని ఊరుకుంది.

శ్యామల ఆమెకు సొంత వదినె. అన్న భద్రయ్య భార్య. అంతకంటే ముందు చిన్ననాటి జతగత్తె. ఇద్దరిదీ ఒకే గూడెం, ఒకే ఈడు. ఎండాకాలం పెద్దవాళ్ళతోపాటు తునికాకు కోసి కట్టలు కట్టి కల్లానికి తెచ్చేవాళ్ళు. కల్లం చూసుకునే కల్లేదారు పగిడయ్యకు సైకిలుండేది. మధ్యాహ్నం తిని అతను కునుకు తీయగానే ఈ ఇద్దరూ ఆ సైకిలు తోసుకుపోయేవాళ్ళు. ఒకతె సీటు పట్టుకుంటే ఒకతె తొక్కేది. సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాళ్ళు. మోకాళ్ళు గీరుకుపోయి ఇంటికి పోతే చెట్టెక్కి పడ్డామని ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పేవాళ్ళు. తర్వాత శ్యామల భద్రయ్యను చేసుకుని ఈ ఇంటికే కోడలైంది. పుష్పలత కొడుకు నాగరాజు, శ్యామల కూతురు సంధ్య కొంచెం అటూ ఇటూగా ఒకేసారి పుట్టారు. వరసైనవాళ్ళు కదా, ఉయ్యాలలో ఉండగానే ఈడూజోడూ అనుకున్నారు.

ఆ మాట నిలబడలేదు. నాగరాజు ఖమ్మంలో ట్రాక్టర్ల షోరూంలో పనికి కుదిరి, అక్కడే పనిచేసే ముదిగొండ పిల్లను గుళ్ళో పెళ్ళి చేసుకుని, ఆ తర్వాత ఫోను చేశాడు. ఆ ఫోను వచ్చిన పూటనే ఊరంతా గుప్పుమంది. శ్యామల వచ్చి పుష్పలత ఇంటి దడి బయటనే నిలబడింది, లోపలికి రాలేదు.

"పోరడు చేసినదానికి కాదే నా బాధ. నీకు ముందే ఎరుక. నాకొక్క మాట చెప్పకపోతివి" అంది.

"నాకూ ఇయ్యాలనే తెలిసింది వదినె."

"తల్లికి తెల్వకుండ కొడుకు పెండ్లా? ఎవరికి చెప్తున్నవ్?"

అంతే. ఆ రోజునుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. భద్రయ్య అప్పుడప్పుడు సంతలో కనబడి "మంచిగున్నవా చెల్లె" అని అటూ ఇటూ చూసి పోయేవాడు. సంధ్యకు తల్లాడలో మంచి సంబంధమే దొరికింది. పెళ్ళికి పుష్పలతకు పిలుపు రాలేదు. ఆమె ఇల్లూ, పని చేసే గూడేలూ వాగు అవతల, అన్న ఇల్లు వాగు ఇవతల. ఇవతలి పక్క ఇంకో ఆశా చూసుకుంటుంది. కాబట్టి ఆ గడప తొక్కే అవసరం కూడా రాలేదు. ఆరేళ్ళు అట్లాగే గడిచాయి.

శనివారం మధ్యాహ్నం బడి గ్రౌండులో సున్నంతో గీతలు గీశారు. చీటీలు తీస్తే పుష్పలతకూ శ్యామలకూ పక్కపక్క గీతలే వచ్చాయి. శ్యామల రోజూ పాలక్యాన్లు కట్టుకుని పాలకేంద్రానికి పోయే సైకిలు మీదనే వచ్చింది. చెంగు నడుముకు దోపుకుని, అటు చూడకుండా నిలబడింది. చుట్టూ మూగిన జనానికి వీళ్ళ సంగతి తెలుసు. ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

వీరబాబు ఈల ఊదాడు. టీచరు నాలుగు బారలు కూడా పోకుండానే కాలు నేల మీద పెట్టి, నవ్వుతూ పక్కకు తప్పుకుంది. కొత్తకోడలు హ్యాండిలు వంకర తిరిగి పక్క గీతలోకి పోయింది. ఇక మిగిలింది వీళ్ళిద్దరు. ముందు చక్రాన్ని ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పుకుంటూ, బ్రేకు నొక్కీ వదిలీ, నిలబడ్డట్టే ఉన్నారు. జనం ఈలలు, కేకలు. మైకులో ఎవరో "పాలవాగు ఝాన్సీలు" అని అరుస్తున్నాడు.

ఎవరూ గెలిచేట్టు లేరు, ఎవరూ ఓడేట్టు లేరు. చెయ్యి చాస్తే అందే దూరంలో ఒకరి పక్కన ఒకరు. చూపు ముందుకే.

"నా గీతలకు వస్తున్నవ్, చూస్కో" అంది శ్యామల.

ఆరేళ్ళకు అదే మొదటి మాట.

"నా గీత నేను చూసుకుంట గానీ, నీది నువ్వు చూస్కో."

"మోకాలు నొస్తుందంటున్నవట. ఇంటికాడ కూసోకపోయినవా?"

"నా మోకాలు సంగతి నీకెవరు చెప్పిన్రు?"

"ఊరందరు చెప్పుకుంటున్రు."

చక్రాలు జానెడు ముందుకు జరిగాయి. పుష్పలత ఉండబట్టలేక అడిగింది. "అన్న రాలే?"

"ఇంటికాడున్నడు. పిల్ల ఒక్కతి ఉంటది గదా."

సంధ్య కాన్పుకు పుట్టింటికి వచ్చిందని పుష్పలత సంతలో విన్నది. ఎవరినీ అడగలేదు. "మంచిగున్నదా?"

"ఎనిమిదో నెల. మంచిగనే ఉంది. కాళ్ళు వాసినయ్, అంతే."

"ఎప్పటిసంది?"

"వచ్చినకాడి నుంచి. నెలలు నిండుతుంటే గట్లనే ఉంటయ్ గదా. పొద్దున మొఖం గూడ కొంచెం ఉబ్బినట్టుండె."

"తలనొప్పి గిట్ల అంటున్నదా?"

"నిన్నటి సంది అంటున్నది. ఎండకనుకున్న. కండ్ల ముంగట మసకమసకగున్నదని పండుకున్నది."

పుష్పలత రెండు కాళ్ళూ నేల మీద పెట్టేసింది.

జనం ఒక్కసారి హోరుమన్నారు. వీరబాబు ఈల ఊది చెయ్యి ఎత్తాడు. శ్యామల మాత్రం ఇంకా సైకిలు ఆపుకుంటూ, "ఏందే, కాలు పెట్టినవ్?" అంది.

"దిగు వదినె. ఇంటికి పోదాం పా."

"నేను దిగితే నేను గూడ అవుటే!"

"పిల్లకు బీపీ ఉన్నట్టుంది. గిది ఆగే ముచ్చట కాదు."

శ్యామల అప్పుడు మొదటిసారి తల తిప్పి ఆమె ముఖంలోకి చూసింది. గట్టిగా నాలుగు తొక్కులు తొక్కి గీత దాటి, ఆగకుండా అటునుంచి అటే గేటు వైపు తిప్పింది. పుష్పలత వెనకాలే పోయింది. జనానికి ఏమీ అర్థం కాలేదు. మాటల్లో పెట్టి ఓడగొట్టినందుకు మరదలు తరుముతున్నదని కొందరన్నారు. తిరుపతి ఆ మాట నిజమే అనుకుని, కొట్టుకుంటారేమోనని పడుతూ లేస్తూ భద్రయ్య ఇంటికి పరుగెత్తాడు.

అతను పోయేసరికి ఇద్దరూ సంధ్య మంచం దగ్గర ఉన్నారు, భద్రయ్య పక్కన నిలబడి చూస్తున్నాడు. సంధ్య కళ్ళు తెరిచి, "అత్తా, ఇన్నేండ్లకు తోవ తెలిసిందా?" అంది.

పుష్పలత పిల్ల కాలి మడమ పైన వేలితో నొక్కింది. గుంట పడి అట్లాగే ఉండిపోయింది. "తర్వాత తిడుదువు గానీ బిడ్డా, ముందు లెవ్వు" అని, గుమ్మంలో ఆయాసపడుతున్న మొగుణ్ణి చూసి, "ఆటో తీస్కరా, జల్దీ" అంది.

గ్రౌండులో వైద్య శిబిరం ఉండనే ఉంది. అక్కడి నర్సమ్మ బీపీ చూసి, ఇంకోసారి చూసింది. పైది నూటఅరవై దాటింది. డాక్టరు మాత్ర ఇచ్చి, సూది మందు వేసి, వెంటనే కొత్తగూడెం పెద్దదవాఖానాకు తీసుకుపొమ్మన్నాడు. నూటఎనిమిది బండి వచ్చింది గానీ, సెంటరులో ఊరేగింపు అడ్డం. ఎడ్లబండ్లు, డప్పులు, బడిపిల్లలు, జెండాలు. వెంకటరామారావు తలపాగా చుట్టుకుని ముందు నడుస్తున్నాడు. సంగతి చెవిన పడగానే ఆయన డప్పులు ఆపించి, బండ్లను పక్క పొలంలోకి దింపించాడు. మిరప చేను, అది ఆయనదే. కొంత నలిగిపోయింది. ఆ తర్వాత ఎన్నడూ ఆయన ఆ మాట ఎత్తలేదు.

అంబులెన్సులో సంధ్య పక్కన శ్యామల కూర్చుంది, ఎదురుగా పుష్పలత. వంతెన దాటాక శ్యామల అడిగింది, "ఏం కాదు గదా?"

"టైముకు పోతున్నం వదినె" అంది పుష్పలత. చూసిన కేసులన్నీ ఆమె కళ్ళ ముందు తిరుగుతున్నాయి. అందులో అన్నీ మంచిగా ముగిసినవి కావు.

దవాఖానాలో చేర్చుకున్నారు. ఆదివారం సాయంత్రానికి బీపీ దారికొచ్చింది. పాలవాగులో ఆ పూట సహపంక్తి భోజనాలు, సన్మానాలు జరిగాయి. స్లో సైకిల్‌లో మొదటి బహుమతి శ్యామలదని ప్రకటించి, ప్రెషర్ కుక్కరు భద్రయ్య చేతికిచ్చారు. రెండోదైన స్టీలు బిందె తిరుపతికిచ్చారు. ఇద్దరు మొగవాళ్ళూ స్టేజీ మీద సిగ్గుపడుతూ ఫొటో దిగారు.

సోమవారం పొద్దున వార్డు బయట బెంచీ మీద ఇద్దరూ చాయ్ తాగుతున్నారు. తల్లాడ నుంచి అల్లుడు వచ్చి లోపల సంధ్య దగ్గర ఉన్నాడు.

"ఒక్కటడుగుత, నిజం చెప్పు" అంది శ్యామల. "ఆ రోజు నీకు నిజంగ తెల్వదా?"

"తెల్వదు."

"నీ కొడుకు ఫోన్ చేసేదాక?"

"ఫోన్ల చెప్పినంక గూడ ఆటకంటున్నడనుకున్న."

శ్యామల గ్లాసు అడుగున మిగిలిన చాయ్ పారబోసింది. "నీకు తెల్వదనుకుంటే కోపం ఎవరి మీద పెట్టుకోవాల్నో నాకు సమజ్ కాలేదే" అంది.

పుష్పలతకు కోపం వచ్చింది. ఆరేళ్ళ కోపం. "నా మీద పెట్టుకుంటే సులువైందా? పిల్ల పెండ్లికి పిలవకపోతివి. ఇంట్ల కూసోని డీజే పాటలు విన్న. వాగు అవతలికి ఇనవడ్డయ్" అంది. గొంతు పెరిగింది. వార్డు ఆయా వచ్చి, "అమ్మా, పేషెంట్లున్నరు" అంది. శ్యామల లేచి పోయి రెండు ఇడ్లీ పొట్లాలు తెచ్చి, ఒకటి పుష్పలత ఒళ్ళో పెట్టింది. పుష్పలత తింది.

రెండు వారాలు దవాఖానాలోనే ఉంచుకుని, తర్వాత ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. బరువు తక్కువ. కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో పెట్టి, తర్వాత తల్లి ఒడిలోకి ఇచ్చారు. ఇంటికి తెచ్చాక ఇవతలి ఆశాతో మాట్లాడుకుని, ఆ ఇంటిని తానే చూసుకుంటానంది పుష్పలత. ఆ అమ్మాయి, "నాకు ఒక ఇల్లు తగ్గింది గదా అక్కా, ఇంకోటి గూడ తీస్కపోరాదు" అని నవ్వింది.

పేరు పెట్టే రోజున నాగరాజు ఖమ్మం నుంచి భార్యను తీసుకుని వచ్చాడు. తల్లి రమ్మనలేదు, మేనమామ ఫోను చేస్తే వచ్చాడు. శ్యామల అతని భార్యకు బొట్టు పెట్టి, "అన్నం తిని పో బిడ్డా" అంది. అతనితో మాత్రం మాట్లాడలేదు. సంధ్య మాట్లాడింది. "బావా, ఎత్తుకో, ఏం కాదు, మెడ కింద చెయ్యి పెట్టు" అని పాపను అతని చేతుల్లో పెట్టింది. నాగరాజు బిర్రబిగుసుకుని నిలబడ్డాడు. పాప అతని కొత్త చొక్కా తడిపింది. అందరూ నవ్వారు. శ్యామల కూడా నవ్వబోయి, గుర్తొచ్చినట్టు ఆపుకుని, వంటింట్లోకి పోయింది.