మూడు అద్దాల కింద ఫోను

రెండు వేల ఇరవై మూడు, ఎండాకాలం. కాజీపేట స్టేషన్ రోడ్డులో నాది సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. తెర మీద అతికించే గాజును మేము టెంపర్డ్ గ్లాస్ అంటాం. దాని కింద ఉండే అసలు తెర డిస్‌ప్లే. గ్లాసు పోతే కొత్తది అతికించుకోవచ్చు, డిస్‌ప్లే పోతే ఫోను విప్పాల్సిందే.

ఒకరోజు పొద్దున స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఊరి నుంచి అంగన్‌వాడీ టీచర్ రాజమణి వచ్చింది. చేతిలో ఆఫీసు వాళ్లిచ్చిన ఫోను. పిల్లల బరువులు అందులోనే ఎక్కించాలి. వారం నుంచి తెర కింది భాగంలో టచ్ పనిచేయడం లేదు. సేవ్ బటన్ ఉండేది అక్కడే. పైవాళ్లకేమో ఈమె పిల్లలను తూచడమే లేదని కనిపిస్తోంది.

"మెమో ఇచ్చిన్రు కాకా. ఇయ్యాల మూడు గంటల్లోపు బరువులు ఎక్కకుంటే కొలువులకెల్లి తీసేస్తమన్నరు. ఇంకో దుకాణంల అడిగితే డిస్‌ప్లే పోయిందన్నడు. సర్కారు ఫోను, నేను విప్పియ్యొద్దు."

అంచు మీద గోరు పెట్టి చూశాను. మందంగా తగిలింది.

"ఎన్ని అద్దాలు ఏయించినవ్ బిడ్డా?"

"మూడు."

"ఫోనుకు గ్లాసు ఏయించినవా, గోడ కట్టించినవా?"

"పాతది పీకితే ఫోనుకేమన్న అయితదని భయం కాకా. పలిగినప్పుడల్లా మీదికెల్లి ఇంకోటి. నడిమిది నువ్వే ఏసినవ్."

"పాతది తీయాల్నా అని అడగలేదా నేను?"

"అడిగినవ్. నేనొద్దన్న. నువ్వు గట్టిగ చెప్పకపోతివి."

నాకు గుర్తు లేదు, కానీ వేసే ఉంటాను. అప్పట్లో ఎవరు ఎలా అడిగితే అలా వేసి పంపేవాణ్ణి. పగిలిన గాజు మీద కొత్తది సరిగా కూర్చోదు. మధ్యలో గాలి చేరుతుంది, వేలి తాకిడి కిందికి దిగదు. తెలిసి చేసిన తప్పే.

హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చజేసి, పల్చటి ప్లాస్టిక్ కార్డు దూర్చి తీశాను. పై రెండూ పెద్ద ముక్కలుగా వచ్చాయి, అడుగుది పెంకులు పెంకులుగా ఊడింది. డిస్‌ప్లే మీద గీత కూడా లేదు.

రాజమణి స్టూలు మీద కూర్చుని నోటుబుక్కు తెరిచింది. పద్నాలుగుమంది పిల్లలు. ఒక్కొక్క పేరు చూసి బరువు కొట్టి సేవ్ నొక్కింది. అన్నీ ఎక్కాయి. అంతలో సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. స్పీకర్‌లో నాకూ వినిపించింది.

"ఇన్ని రోజులు తూచకుండ ఏం జేసినవమ్మా?"

"తూచిన మేడం. ఫోనే తీసుకోలే."

"ఆ ముచ్చట కాగితం మీద రాసి తే."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "ఆ పెంకులు పొట్లం కట్టియ్యి కాకా, ఆఫీసుల సూపిస్త. నువ్వు గూడ ఒక ముక్క రాసియ్యి."

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక. రాయడానికి సమయం పట్టింది. 'ఫోను మీద మూడు అద్దాలు ఉండె. అందుకే టచ్ రాలేదు. అందులో ఒకటి నేను వేసిందే' అని రాసి సంతకం పెట్టాను. అది ఆఫీసులో చూపించాక ఆమె కొలువు నిలబడింది.

గ్లాసు దండగా అని అడిగేవాళ్లకు నా మాట ఇదే. ఒకటి వేయించుకోండి. ఫోను బోర్లా పడితే కాపాడుతుంది, జేబులో తాళంచెవుల గీతలు ఆపుతుంది. మూల మీద పడితే మాత్రం ఏ గ్లాసునూ నమ్మకండి. పగిలిందంటే దాని పని అయిపోయింది, తీసేయండి. మీదికెల్లి ఇంకోటి వేయమనేవాళ్లు ఇప్పటికీ వస్తారు. వేయనంటే కోపానికొస్తారు. రానీ, నేను వేయను.